పొరుగూరి జనం లేకుండా ఫైనల్ ఆడొద్దు

సంక్రాంతి కబడ్డీ పోటీలకు బయటి ఊళ్ళ జనాన్ని రానివ్వకూడదని మా ఊరి కమిటీ మళ్ళీ అనుకుంటోంది. జట్టు రావచ్చు, జట్టుతో ఒక మేనేజరు రావచ్చు, అంతే. పోయిన సంక్రాంతికి అలాగే చేశారు. ఈసారి వద్దని నేను గట్టిగా వాదిస్తున్నాను. ఫోనులో చెప్పబోతే మాట మధ్యలోనే తెగిపోతోంది కాబట్టి నా వాదన మొత్తం రాసి పెడుతున్నాను.

మాది కోనసీమలో కాలవ గట్టున ఉన్న ఊరు. మాతో ఎప్పుడూ పోటీపడే ఊరు కాలవకు అవతల ఉంది. పేర్లు చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు. ఈ డెల్టాలో ఏ కాలవ వెంట వెళ్ళినా ఇలాంటి జంట ఊళ్ళు కనిపిస్తాయి. తూము దగ్గర నీళ్ళ వంతు గురించి తాతల నాటి తగాదాలు ఉంటాయి, ఆ తగాదాలు పడ్డ ఇళ్ళ మధ్యే పెళ్ళిళ్ళూ జరుగుతాయి. మా తరం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఆ పోటీ అంతా కబడ్డీ కోర్టులో తేలేది. నేనూ మా ఊరి తరఫున ఆడాను. కూతకు వెళ్ళినప్పుడు అవతలి ఊరి జనం గోల ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ గోలలో రైడ్‌కి వెళ్ళి పాయింట్ తెచ్చుకుంటే వచ్చే ఆనందం మనవాళ్ళు వెయ్యి మంది చప్పట్లు కొట్టినా రాదు.

కమిటీ భయం ఉత్తుత్తి భయమని నేను అనను. కొన్నేళ్ళ కింద సెమీఫైనల్ దగ్గర రెండు ఊళ్ళ కుర్రాళ్ళు కుర్చీలతో కొట్టుకున్నారు. మా కమిటీ పెద్దాయన నాకు వరసకు బాబాయి. ఆయన అన్న మాట ఇది: "మనోళ్ళూ మనోళ్ళూ కొట్టుకుంటే పొద్దున్నే కూచోబెట్టి సర్దేస్తాంరా అబ్బాయ్. అవతలి ఊరోడి తల పగిలితే మాత్రం నా మెడకు చుట్టుకుంటాది. స్టేషన్లో సంతకం పెట్టింది నేనే కదా." ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పోటీలు పెట్టే మనిషి టెన్షన్ చూసేవాడికి ఉండదు. అందుకే ఆయన్ని తీసిపారేయకుండా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

పోయిన ఏడాది ఫైనల్లో ఏం జరిగిందో చూడండి. ఆఖరి రైడ్‌కి స్కోరు మాకు ఒక్క పాయింట్ ఎక్కువ. వాళ్ళ రైడరు మా కుడి మూల డిఫెండరు కాలు తాకానని చెయ్యెత్తి తిరిగొచ్చాడు. తాకలేదని రెఫరీ తేల్చాడు. మేం గెలిచాం. ఆ నిర్ణయం సరైనదే. నేను ఆ మూలనే, తాడు పక్కనే నిలబడి ఉన్నాను. చెయ్యికీ కాలికీ మధ్య జానెడు ఖాళీ ఉంది. కానీ నేను చూస్తే ఏం లాభం? నేను ఈ ఊరివాణ్ణి. చూసినవాళ్ళంతా ఈ ఊరివాళ్ళే. కాలవ అవతల ఆ రైడ్ సంగతి తెలిసింది ఓడిపోయిన కుర్రాళ్ళ నోటి నుంచి మాత్రమే. వాళ్ళు కావాలని అబద్ధం చెప్పారని కూడా నేను అనను. ఆ వేడిలో తాకినట్టే అనిపించి ఉంటుంది. గంట తిరగకుండానే "స్కోరు మార్చేశారంట, రెఫరీకి డబ్బులిచ్చారంట" అని ఫోన్లలో పాకిపోయింది. రాత్రికి కాలవ వంతెన మీద రెండు వైపులా కుర్రాళ్ళు పోగయ్యారు. కోర్టు దగ్గరైతే కానిస్టేబుళ్ళు ఉన్నారు, మైకు ఉంది, పెద్దలు ఉన్నారు. వంతెన మీద లైటు కూడా లేదు. ఇరువైపుల ఆడవాళ్ళు వచ్చి వాళ్ళ పిల్లల్ని వాళ్ళు లాక్కుపోబట్టి ఆ రాత్రి గడిచింది.

నా వాదనంతా దీనిమీదే నిలబడింది. గెలుపుకి సాక్షి అవతలి ఊరివాడే. వాళ్ళ జనంలో ఒక వంద మంది ఆ మూలన ఉండి ఉంటే, వాళ్ళలో కనీసం పది మంది "లేదురా, తగల్లేదు, నేను చూశాను" అని వాళ్ళ ఊరి రచ్చబండ మీద చెప్పి ఉండేవాళ్ళు. ఆ పది మంది మాటకున్న విలువ మా ఊరు మొత్తం ప్రమాణం చేసి చెప్పినా రాదు. ప్రత్యర్థి జనాన్ని బయట పెట్టినప్పుడు మనం గొడవను బయట పెట్టామనుకుంటాం. మనం నిజంగా బయటికి పంపింది సాక్షుల్ని.

బయటి జనాన్ని ఆపాలన్న ఈ ఆలోచన మా ఊరి కమిటీకి కొత్తగా వచ్చింది గానీ ప్రపంచంలో చాలాచోట్ల చేసి చూసిందే. అర్జెంటీనాలో 2013 జూన్‌లో, లా ప్లాటా నగరంలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర లానూస్ జట్టు అభిమాని ఒకాయన చనిపోయాడు. ఆయనకు తగిలింది పోలీసులు పేల్చిన రబ్బరు తూటా. అయినా దాని తర్వాత వచ్చిన ఆంక్ష ఏమిటంటే, బయటి జట్ల అభిమానులు స్టేడియానికి రాకూడదని. ఐదేళ్ళు గడిచాయి. 2018లో దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు, కోపా లిబర్తదోరెస్ ఫైనల్‌కి బ్యూనస్ ఎయిరిస్ జట్లు రెండూ, రివర్ ప్లేట్, బోకా జూనియర్స్ వచ్చాయి. ఫైనల్ అంటే చెరో మైదానంలో ఒకటి చొప్పున రెండు మ్యాచ్‌లు, రెంటికీ సొంత జట్టు జనం మాత్రమే అన్నారు. నవంబరు 24న రెండో మ్యాచ్‌కి బోకా ఆటగాళ్ళ బస్సు స్టేడియానికి వస్తుంటే దారిలో రివర్ అభిమానులు రాళ్ళూ సీసాలూ విసిరారు. అద్దాలు పగిలి ఆటగాళ్ళకు దెబ్బలు తగిలాయి. ఎదుటి జట్టు అభిమాని ఒక్కడు లేకపోయినా ఆ మ్యాచ్ అక్కడ జరగలేదు. చివరికి సముద్రం దాటించి డిసెంబరు 9న స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో పెట్టారు. అక్కడ రెండు జట్ల అభిమానుల్నీ రానిచ్చారు, చెరో చివర కూర్చోబెట్టారు. రివర్ ప్లేట్ 3-1తో గెలిచింది, ఆట చివరిదాకా సాగింది.

నెదర్లాండ్స్‌లోనూ ఇదే కథ. అయాక్స్, ఫెయెనోర్డ్ మ్యాచ్‌లకు 2009 నుంచి ఎదుటి జట్టు అభిమానుల్ని రానివ్వట్లేదు. 2023 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంతగడ్డ మీద అయాక్స్ 0-3తో వెనకబడింది. అయాక్స్ అభిమానులే మైదానంలోకి మంటలు కక్కే బాణసంచా విసిరి ఆట ఆపించారు. మూడు రోజుల తర్వాత మిగిలిన ఆటను ఖాళీ స్టేడియంలో ఆడాల్సి వచ్చింది. బయటివాళ్ళను ఆపారు, ఆఖరికి లోపలివాళ్ళను కూడా ఆపాల్సి వచ్చింది.

మన దేశం నుంచే ఒక జత ఉదాహరణలు చెబుతాను. 1999 జనవరి 31న చెన్నై చేపాక్ మైదానంలో పాకిస్థాన్ మీద టెస్టు. సచిన్ 136 కొట్టాడు, వెన్నునొప్పితో ఆడి గెలుపు అంచుకి తెచ్చాడు, అతను అవుటయ్యాక మనం 12 పరుగులతో ఓడిపోయాం. చెన్నై జనం లేచి నిలబడి పాకిస్థాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు. వాళ్ళు మైదానం చుట్టూ పరుగు తీశారు. తర్వాతి నెల కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో అదే పాకిస్థాన్ మీద ఇంకో టెస్టు. షోయబ్ అఖ్తర్‌ని ఢీకొని సచిన్ రనౌట్ అయ్యాడు. జనం మైదానంలోకి వస్తువులు విసిరారు, ఆట ఆగింది. ఆఖరి రోజు పోలీసులు స్టాండ్లు ఖాళీ చేయించారు. పాకిస్థాన్ 46 పరుగులతో గెలిచినప్పుడు చూడటానికి జనమే లేరు. రెండు మైదానాల్లోనూ ప్రేక్షకులు దాదాపు అంతా మనవాళ్ళే, జట్లూ అవే. తేడా అంతా సొంత జనం ప్రవర్తనలోనే ఉంది. మూడేళ్ళ ముందు, 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో శ్రీలంక మీద ఓడిపోతున్నామని సీసాలు విసిరి, సీట్లకు నిప్పు పెట్టి, మ్యాచ్ రెఫరీ క్లైవ్ లాయిడ్ చేత శ్రీలంకకు గెలుపు ఇప్పించింది కూడా అదే ఈడెన్‌లో కూర్చున్న మన జనమే.

ఇంత చెప్పాక కోల్‌కతాలోనే జరిగిన ఒక ఘోరాన్ని దాటేసి వెళ్ళలేను. అది బాబాయి వైపు బలంగా నిలబడే ఉదాహరణ. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ మ్యాచ్. రెండు క్లబ్బుల అభిమానులు ఒకే గ్యాలరీలో కలిసి కూర్చున్నారు. మైదానంలో ఆటగాళ్ళ మధ్య మొదలైన గొడవ గ్యాలరీలోకి పాకింది, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆటకు వెళ్ళిన కొడుకు తిరిగి రాని పదహారు ఇళ్ళు. ఈ లెక్క ముందు నా సాక్షి వాదన చిన్నబోతుందని నాకు తెలుసు. కానీ ఆ రోజు తప్పు ఎక్కడ జరిగింది? ఇద్దర్నీ రానివ్వడంలోనా, ఇద్దర్నీ కలిపి ఒకే మెట్ల మీద ఇరికించడంలోనా? ఆ తర్వాత కూడా కోల్‌కతా ఆ పోటీని మానలేదు, ఒకరి జనాన్ని శాశ్వతంగా ఇంట్లో కూర్చోబెట్టలేదు. ఇప్పుడు సాల్ట్ లేక్ స్టేడియంలో ఎవరి స్టాండ్లు వాళ్ళవి. 2024 ఆగస్టులో భద్రత ఇవ్వలేమని అక్కడి డెర్బీని, అంటే ఈ రెండు క్లబ్బుల మ్యాచ్‌ని, రద్దు చేస్తే, ఆర్.జి. కర్ ఆసుపత్రిలో హత్యకు గురైన డాక్టరమ్మకు న్యాయం కావాలని రెండు క్లబ్బుల అభిమానులూ కలిసి అదే స్టేడియం బయట రోడ్డెక్కారు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నినాదాలు ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళకే అది కుదిరిందని నేను నమ్ముతాను.

తొక్కిసలాటలకు ఎదుటి జట్టు అభిమానులు ఉండాల్సిన అవసరమే లేదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. ముందు రాత్రి అహ్మదాబాద్‌లో గెలిచొచ్చిన సొంత జట్టును చూడ్డానికి వచ్చిన జనం వాళ్ళు. ప్రత్యర్థి ఊళ్ళోనే లేడు. గేట్లు, దారులు, ఎంత మందికి చోటుంది, ఎంత మందిని పిలిచాం, ఇవే ప్రాణాలు తీసేవీ కాపాడేవీ. మా కమిటీ కూడా సరుగుడు కర్రలతో కట్టే గ్యాలరీ ఎంత బరువు మోస్తుందో ఆలోచించినదానికంటే అవతలి ఊరి కుర్రాళ్ళను ఎలా ఆపాలా అని ఆలోచించిందే ఎక్కువ. పోయినసారి ఆ గ్యాలరీ ఒక మూల ఒరిగింది. ఎక్కినవాళ్ళంతా మా ఊరి పిల్లలే.

భయం కాకుండా ఇంకో కారణం కూడా చెబుతారు. సొంత మైదానంలో సొంత గోలే వినపడాలి, ఆ లాభం మనకెందుకు పోవాలి అని. అమెరికాలో 2014లో సియాటిల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తన సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌కి, ఎదుటి జట్టు ఉన్న కాలిఫోర్నియా చిరునామా వాళ్ళకు టికెట్లు అమ్మలేదు. చుట్టుపక్కల కొన్ని రాష్ట్రాల వాళ్ళకే ఇచ్చింది. సొంత జనం గోల వల్ల లాభం ఉన్న మాట నిజం. కోవిడ్ సమయంలో 2020 మే నుంచి జర్మనీలో ఖాళీ స్టేడియాల్లో ఫుట్‌బాల్ ఆడినప్పుడు సొంత జట్ల గెలుపులు తగ్గాయి. రెఫరీ కూడా మనిషే, ఎదురుగా వేల మంది అరుస్తుంటే చెయ్యి కొంచెం అటు మొగ్గుతుంది. కానీ ఆ లాభం మన గొంతు వల్ల వచ్చేది. పదో వంతు చోటు ఎదుటివాళ్ళకు ఇస్తే మన గొంతు తగ్గదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో నియమమే అది. బయటి జట్టుకు మూడు వేల టికెట్లు ఇవ్వాలి, చిన్న స్టేడియమైతే పదో వంతు. 2016 నుంచి ఆ టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదు. ఆ దేశంలోనే 1986లో లూటన్ క్లబ్బు, అంతకుముందు ఏడాది జరిగిన పెద్ద గొడవకు భయపడి, బయటి అభిమానుల్ని పూర్తిగా ఆపేసింది. వాళ్ళ మైదానంలో గొడవలు తగ్గిన మాట నిజమే. కానీ మిగతా క్లబ్బులు ఒప్పుకోక ఆ ఏడాది లీగ్ కప్పులో లూటన్‌ని ఆడనివ్వలేదు. ఒక్కరు తలుపేస్తే రేపు అందరూ వేస్తారని వాళ్ళ ఆలోచన. మాకూ అంతే కదా. మేం ఆపితే వచ్చే ఏడు వాళ్ళ తీర్థంలో (జాతరలో) మా ఊరి జనాన్ని ఆపుతారు.

మన పక్కనే విశాఖలో 2024 మార్చి 31న ఏం జరిగిందో మా ఊరి కుర్రాళ్ళకే బాగా తెలుసు. ఐపీఎల్‌లో ఢిల్లీ జట్టు ఆ సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లకు విశాఖను సొంత మైదానం చేసుకుంది. చెన్నై వచ్చింది. రాజమండ్రిలో, సామర్లకోటలో రైలెక్కి వెళ్ళినవాళ్ళంతా పసుపు చొక్కాలే. స్టేడియం మొత్తం ధోనీ పేరే. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు. అయినా గెలిచింది ఢిల్లీయే, 20 పరుగులతో. సొంత మైదానంలో పరాయివాళ్ళలా ఆడి గెలిచారు, ఆ రాత్రి ఎవరి తలా పగల్లేదు.

ఇక మా అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ సంగతి. 2023 జూన్‌లో జకార్తాలోని ఇస్తోరా స్టేడియంలో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ ఇండోనేసియా ఓపెన్ గెలిచాడు. ఆ స్థాయి టోర్నీలో డబుల్స్ గెలిచిన తొలి భారత జంట వాళ్ళు. ఫైనల్ మలేసియా జంట మీద. కానీ నన్ను కదిలించింది క్వార్టర్ ఫైనల్. ఎదురుగా అప్పటి ప్రపంచ నంబర్ వన్ జంట ఫజర్ అల్ఫియాన్, రియాన్ అర్దియాంతో, వాళ్ళ సొంత దేశంలో, బ్యాడ్మింటన్ అంటే ప్రాణం పెట్టే వాళ్ళ సొంత జనం మధ్య. 21-13, 21-13. ఆ గెలుపును జకార్తాలో ఎవరైనా కాదనగలరా? వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూశారు. మా కుర్రాళ్ళకు అలాంటి గెలుపులు కావాలని నా కోరిక. ఎవరూ లేని చోట కొట్టుకొచ్చిన కప్పుతో వాళ్ళకు ఏం గౌరవం వస్తుంది?

అసలు సంక్రాంతికి గేటు దగ్గర "ఈ ఊరివాళ్ళు" ఎవరో ఎలా తేలుస్తారు? పోయినసారి ఆధార్ కార్డు చూసి పంపారు. మా ఊరి ఆడపడుచు ఒకావిడ కాలవ అవతలి ఊరికి కోడలు. తమ్ముడు మా జట్టులో ఆడుతున్నాడని పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. కార్డు మీద అత్తారి ఊరు ఉంది. గేటు దగ్గర వాలంటీరు ఆపేశాడు. వాడూ పిన్నమ్మ కొడుకే, అయినా "పైనుంచి చెప్పారక్కా" అన్నాడు. తమ్ముడు ఫైనల్ ఆడుతుంటే అక్క బయట కొబ్బరి చెట్టు కింద నిలబడి మైకులో స్కోరు వింది. హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి పండక్కి వచ్చిన వాళ్ళ కార్డుల మీద ఏ ఊరుందో చూస్తూ కూర్చుంటే పండగ ఎవరికి మిగులుతుంది? కొత్త అల్లుళ్ళను గేటు దగ్గర ఆపే ఊరు గోదావరి జిల్లాల్లో ఉందని చెప్పుకోవడానికే నాకు సిగ్గుగా ఉంది.

పోటీ ఎలా పెట్టుకోవాలో మన తీర్థాలకు తెలుసు. కనుమ రోజు మన కోనసీమలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, ప్రభల మీద (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన వాహనాల మీద) వస్తారు. ఎవరి ప్రభ ఎత్తు, ఎవరి ప్రభకు బాణసంచా ఎక్కువ, ఆ ఊళ్ళ మధ్య పంతం తక్కువేం కాదు. ప్రభల్ని భుజాలకెత్తుకుని కౌశిక ఏటి నీళ్ళలోంచి, పచ్చటి చేలల్లోంచి మోసుకొస్తారు. పైరు నలిగినా రైతు తిట్టడు. తోటలో ఆతిథ్యం మొసలపల్లి భోగేశ్వరుడిది. ఆయన అందరికంటే ముందు వస్తాడు, అందర్నీ పంపాక వెళ్తాడు. వ్యాఘ్రేశ్వరం స్వామి వచ్చినప్పుడు మిగతా ప్రభల్ని ఒకసారి పైకెత్తి గౌరవిస్తారు. పదకొండు ఊళ్ళ జనం ఒకే తోటలో నిలబడగలిగినప్పుడు రెండు ఊళ్ళ జనం ఒక కబడ్డీ కోర్టు చుట్టూ నిలబడలేరా?

అందుకని కమిటీకి నేను అడిగేది ఇది. కోర్టుకు కాలవ వైపు చివర మొత్తం అవతలి ఊరికి ఇవ్వండి. వాళ్ళు వంతెన దిగి నేరుగా అటే వస్తారు, బళ్ళు అటే పెట్టుకుంటారు, మన గ్యాలరీ దాటాల్సిన పని ఉండదు. మధ్యలో రెండు వరసల తాడు కట్టి ఖాళీ వదలండి, అక్కడ కానిస్టేబుళ్ళతో పాటు రెండు ఊళ్ళ పెద్దలూ నిలబడాలి. స్కోరు రాసే బల్ల దగ్గర ఇద్దరు కూర్చోవాలి, ఒకరు మన ఊరు, ఒకరు వాళ్ళ ఊరు. రెండు మూలలా ఫోన్లు పెట్టి వీడియో తియ్యండి, ఒక ఫోను వాళ్ళది అయ్యుండాలి. ఆట అయ్యాక రన్నరప్ బహుమతి ముందు ఇచ్చి, వాళ్ళ జనాన్ని ముందు వంతెన దాటనిచ్చి, తర్వాత మన డప్పులు కొట్టుకుందాం. రాయి విసిరినవాడు ఎవడైనా సరే పేరు మైకులో చదివి మూడేళ్ళు మైదానానికి రానివ్వొద్దు. విసిరింది మన ఊరివాడైతే ఆ మ్యాచ్ మన జట్టు ఓడినట్టే రాయండి. తాగి వచ్చినవాణ్ణి ఏ ఊరివాడని చూడకుండా వెనక్కి పంపండి.

బాబాయ్, సంతకం సంగతి కూడా ఆలోచించాను. స్టేషన్లో ఇచ్చే కాగితం మీద మీరొక్కరే సంతకం పెట్టడం ఎందుకు? వాళ్ళ ఊరి పెద్ద కూడా మీ పక్కన పెట్టాలి, వాళ్ళ జనానికి వాళ్ళ పూచీ. ఆయన మీ చిన్ననాటి స్నేహితుడే కదా. ధనుర్మాసం మొదలయ్యేలోపు ఒక ఆదివారం ఇద్దరం వాళ్ళింటికి వెళ్దాం. నేను కాకినాడ నుంచి పొద్దున్నే వచ్చేస్తాను. మాట మీరు మొదలుపెట్టండి, మిగతాది నేను మాట్లాడతాను.